పోనివ్వని కుక్క

మార్త సొంతూరు కావలి. బెంగళూరు యలహంకలో నర్సుగా పనిచేసి రిటైరై అక్కడే ఉండిపోయింది. ఆమెకు రెండు కుక్కలు. కాపలా కోసం శిక్షణ ఇప్పించి తెచ్చుకున్న అల్సేషన్ టైగర్, కొత్త గొంతు వినబడితే మంచం కింద దూరేది. రెండోది చుక్క. అద్దె ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు దాన్ని గేటుకు కట్టేసి వెళ్ళిపోతే, మార్త విప్పి తెచ్చుకుంది.

చుక్క వచ్చిన కొత్తలోనే కరెంటు మీటరు చూసే అతను వచ్చాడు. చుక్క తోక ఊపి రానిచ్చింది. వెళ్ళబోతే మాత్రం గుమ్మానికడ్డంగా పడుకుని పళ్ళు చూపించింది. అతను కుర్చీలో కూలబడ్డాడు. కుక్కల గోల మీద ఫిర్యాదు చేద్దామని పక్కింటి శ్రీనివాసులు వచ్చాడు. ఆయనకు బళేపేటలో గాజుల అంగడి ఉంది. ఆయనా చిక్కుకున్నాడు. మార్త ఫోన్ చేస్తే టైగర్‌కు శిక్షణ ఇచ్చిన గిరీష్ వచ్చి గట్టిగా ఆజ్ఞలిచ్చాడు. మంచం కింద టైగర్ కూర్చుంది, పడుకుంది, ముందరి కాలు చాచింది. చుక్క కదల్లేదు. గిరీష్ కూడా కుర్చీ వెతుక్కున్నాడు.

మధ్యాహ్నం మార్త అందరికీ పప్పుచారు వండింది. ఎవరో ఒకతను పెరటి గోడ దూకి వచ్చి, ఇంటినిండా జనాన్ని చూసి, ప్రార్థన కూటం అనుకుని తనూ కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని లేవబోతే చుక్క గుర్రుమంది. ఇక పోయేది లేదని తేలాక, దొంగతనానికే వచ్చానని చెప్పేసి మంచినీళ్ళడిగాడు.

“కుక్కంటే లోపలికి రానీకుండా చూడాలమ్మా. ఇదేమో బయటికి పోనీకుండా కూచోనుండాది,” అన్నాడు శ్రీనివాసులు.

మార్త చుక్క తల నిమిరింది. “దీన్ని వదిలేసినోళ్ళు ఒక్క వస్తువు కూడా మిగల్చకుండా పోయారండి. మీరేదన్నా ఇక్కడ పెట్టి పోండి. తిరిగొస్తారని నమ్ముద్దేమో.”

శ్రీనివాసులు ఒక చెప్పు విప్పి చుక్క ముందు పెట్టాడు. అది వాసన చూసి, చెప్పును కాళ్ళ మధ్యకు లాక్కుని, పక్కకు జరిగింది. మిగతావాళ్ళూ అలాగే చేశారు. నలుగురూ ఒంటి చెప్పుతో కుంటుతూ వీధిలోకి వెళ్ళారు.

మర్నాడు చెప్పుల కోసం అందరూ వచ్చారు. దొంగ ఈసారి గేటు తీసుకునే వచ్చాడు. చెప్పు తీసుకోవాలంటే ఇంకోటి పెట్టాలి కదా, శ్రీనివాసులు గొడుగు పెట్టాడు. ఇప్పుడు వానొస్తే చాలు, ఆయన తడుస్తూ మార్త ఇంటికి పరుగెత్తి, వాన వెలిసేదాకా గొడుగు పక్కన కూర్చుని కాఫీ తాగి వస్తున్నాడు. ఫిర్యాదు సంగతి మళ్ళీ ఎత్తలేదు.