మిరపాకు చుట్టూ వలయం

మా ల్యాబు సారు పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. మెట్రో పనులతో ఇరుకైపోయిన హబ్సిగూడ రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉన్నాను. నాతో ఎమ్మెస్సీ చదివిన అమ్మాయి నాలుగు మాటల్లో చెప్పి పెట్టేసింది. ఆటో ఎక్కి నాచారంలో నా ఉద్యోగానికే వెళ్లాను. ఏడుపు రాలేదు. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే మాత్రం అన్నం సహించలేదు.

ఆయన మాకు సూక్ష్మజీవుల పాఠం చెప్పేవారు. నారపల్లి రైతుల ఇంటి మనిషి. పొలం ప్లాట్లయిపోయినా మేడ మీద పాత బకెట్లలో మిరప మొక్కలు పెంచేవారు. కాయ కోసం కాదు, ఆకు కోసం. లేతాకు పెసరపప్పులో వేసి వండించుకుని మధ్యాహ్నానికి తెచ్చుకునేవారు. మాది గుంటూరు వైపు. మొదటిసారి చూసి, "మా ఊళ్లో మిరపాకు ఎవరూ తినరు సార్" అన్నాను.

"మీరు కాయలు దిని కండ్లల్ల నీళ్లు వెట్టుకుంటరు. ఆకు జర రుచి సూడు" అని నా డబ్బా మూతలో వడ్డించారు. కారమే లేదు. పాలకూరకు కాస్త చేదు తగిలినట్టుంది. ఆకుకూరల్లో ఉండే ఇనుము, సున్నం ఇందులోనూ ఉంటాయని చెప్పి, అయినా కాయలు కోశాక చెట్టును పీకి పారేస్తారని విసుక్కున్నారు. పారేసే ఆకు మందుకేమైనా పనికొస్తుందేమో చూద్దామని నా ప్రాజెక్టు అలా పుట్టింది. మిరపాకు రసానికి క్రిములను చంపే గుణం ఉందా అన్నది ప్రశ్న.

ఆకు ఎండబెట్టి, పొడి చేసి, స్పిరిట్‌లో నానబెట్టి వడగట్టాను. చిన్న కాగితపు బిళ్లలను అందులో ముంచి, క్రిములు చల్లిన గాజు పళ్లెంలో పెట్టాను. మర్నాటికి బిళ్లల చుట్టూ రూపాయి నాణెమంత ఖాళీ వలయాలు! క్రిములు చచ్చిన చోటన్నమాట. ఆనందం పట్టలేక ఉప్పల్ నుంచి మైసూరుపాకు తెచ్చి అందరికీ పంచాను.

సారు తన ముక్క తినేసి, వేళ్లు తుడుచుకుని, "ఉత్త స్పిరిట్ బిళ్ల వెట్టిన పళ్లెం ఏది బిడ్డా?" అని అడిగారు.

పెట్టలేదు. పైగా వానాకాలం, తొందరలో బిళ్లలు ఆరకుండానే పెట్టేశాను. ఆకు కలపని తడి స్పిరిట్ బిళ్ల పెట్టి చూస్తే దాదాపు అంత వలయమే వచ్చింది. అంటే క్రిములను చంపింది చాలావరకు స్పిరిటే. బిళ్లలు పూర్తిగా ఆరబెట్టి మళ్లీ చేస్తే మిరపాకు వాటాకు మిగిలింది గోరు మందం.

రికార్డు ఇవ్వడానికి వారమే ఉంది. ప్రాజెక్టు బాగుంటే ఉద్యోగం ఇస్తామని ఒక మందుల కంపెనీ వాళ్లు ఆశపెట్టారు. నాన్న అప్పుడే రిటైరయ్యారు. "మొదటి కొలతలే రాస్తాను సార్, ఎవరు చూడొచ్చారు?" అని సిగ్గు విడిచి అడిగాను.

"రాస్తె రాయి. నేను సంతకం జెయ్య" అన్నారు. గొంతు కూడా పెంచలేదు. ఉన్నమాట చెప్తున్నాను, ఆయనంటే నాకు ఒళ్లు మండిపోయింది.

గోరు మందమే రాశాను. వైవాకు వచ్చిన పరీక్షకుడు రికార్డులో అంటించిన పళ్లెం ఫొటో మీద స్కేలు పెట్టి, "ఇంతేనా?" అన్నాడు. సారు వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు. "ఇంతే సార్. ముందు పెద్దదొచ్చింది, అది నా తప్పు" అన్నాను. మార్కులు అంతంతమాత్రం. ఆ కంపెనీ నుంచి కబురే లేదు. ఇప్పటి ఉద్యోగం రెండేళ్ల తర్వాత నాచారంలో ఇంకో మందుల కంపెనీలో దొరికింది. నా సంతకం లేనిదే ఇక్కడ మందుల పెట్టె గేటు దాటదు. ఇన్నేళ్లలో ఒక్క అబద్ధపు కొలత కిందా సంతకం పెట్టలేదంటే అది ఆయన పుణ్యమే.

వైవా అయిన సాయంత్రం ఇరానీ హోటల్లో ఛాయ్ ఇప్పించారు. నేను ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. ఆయనే అన్నారు.

"నీ వయసుల నాకు గూడ గింతే వచ్చింది. నేను పెద్దగ రాసిన. అందరు మస్తు మెచ్చుకున్నరు. ఇయ్యాల్టికి గా అచ్చయిన కాయిదం మీద నా పేరున్నది."

ఆయన సాసర్లో పోసుకున్న ఛాయ్ మీద మీగడ కట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు.