మెట్లకిందక్క చూసిన కాళ్ళు

ఆ నాలుగంతస్తుల బిల్డింగులో ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో మొహం చూడకుండా చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. మెట్ల కింద కుట్టుమిషను వేసుకుని కూర్చునే ఆవిడ. అసలు పేరు ఇంటి ఓనరు కూడా ఎప్పుడో మరిచిపోయాడు. అందరికీ ఆవిడ మెట్లకిందక్క. అవి మెట్టుకీ మెట్టుకీ మధ్య జానెడు సందు వదిలి కట్టిన పాతకాలపు మెట్లు. ఆ సందుల్లోంచి ఆవిడకి కనిపించేవల్లా చెప్పులు, చీలమండలు, ప్యాంటు అంచులు, చీర కుచ్చిళ్ళు. "నర్సమ్మకి ఇవాళ సెలవు, రబ్బరు చెప్పులేసుకుని పాలకి బయల్దేరింది" అనేది మిషను తొక్కుతూనే, తలెత్తకుండా. పందెం కాసి ఓడినవాళ్ళే గానీ గెలిచినవాళ్ళు లేరు.

కుట్టుపనివాళ్ళకి ఒక జబ్బుంటుంది. మనిషి ఎదురుపడితే మొహం కన్నా ముందు కుట్టు చూస్తారు. అది తమ చేతి కుట్టయితే ఇక చెప్పక్కర్లేదు, సరిగ్గా కూర్చుందో లేదో చూసుకునేదాకా ప్రాణం ఒప్పదు. ఆ జబ్బే మెట్లకిందక్క కొంప ముంచింది.

ఆవిడ మొగుడు బేకరీలో బట్టీ దగ్గర పని చేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. మూడో తరగతి చదివే ఒక్కగానొక్క కూతురు, చిట్టి. ముగ్గురూ ఆ బిల్డింగులోనే కింద ఒంటి గదిలో అద్దెకుండేవాళ్ళు. నగరంలో అంతకన్నా చవక గది దొరకదు కాబట్టి ఉండేవాళ్ళు, ఇష్టమై కాదు. ఎలక్షన్లు దగ్గరపడ్డాక ఆ చవక గది మీదా కన్ను పడింది. వార్డు నాయకుడు ఆ బిల్డింగు కూలగొట్టి ఆకాశమంత ఎత్తున ఫ్లాట్లు లేపాలనుకున్నాడు. ఓనరు ఆయన చెప్పినట్టల్లా తలూపాడు. ఖాళీ చెయ్యమని మాత్రం ఎవరూ నోరు తెరిచి అనలేదు. ఒకరోజు నీళ్ళ మోటారు కాలిపోయింది. ఇంకోరోజు మెట్ల మీద దీపాలు పగిలిపోయాయి. గేటు దగ్గర పెట్టిన బళ్ళు మాయమయ్యాయి, కూరలకెళ్ళిన ఆడవాళ్ళ మెడల్లో గొలుసులు తెగాయి. ఫిర్యాదు ఇవ్వబోతే పోలీసులు, "ఇక్కడెందుకమ్మా ఉండటం, మంచి ఏరియా చూసుకోకూడదూ" అని ఎదురు సలహా ఇచ్చేవారు. ఒక్కో కుటుంబమే మూటాముల్లే కట్టుకుని పోతూ ఉంటే మెట్లకిందక్కకి కనిపించే కాళ్ళ జతలు తగ్గిపోతూ వచ్చాయి.

మిగిలినవాళ్ళని కూడగట్టింది రెండో అంతస్తు మాస్టారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన బక్కపల్చటి మనిషి. "పొమ్మంటే పోతాం, కానీ చట్టప్రకారం గడువిచ్చి పొమ్మనాలి. మోటారు తగలబెట్టి కాదు" అని మేడ మీద మీటింగు పెట్టేవాడు. మెట్లకిందక్క వెళ్ళి ముందు వరసలో కూర్చునేది.

"మనకెందుకే ఈ రాజకీయాలు?" అని మొగుడు గొణిగేవాడు.

"గుక్కెడు నీళ్ళు లేక చస్తున్నామయ్యా! నీళ్ళడిగితే రాజకీయమా?" అని కసురుకునేది.

ఒక సాయంత్రం, ఎండ ఇంకా గుమ్మంలోనే ఉండగా, రెండు జతల బూట్లు గబగబా పైకెళ్ళాయి. కాసేపటికి పైన మాస్టారి గొంతు, దబ్బుమన్న చప్పుడు, మాస్టారి భార్య కేక. అవే బూట్లు మెట్లు దూకుకుంటూ కిందికొచ్చాయి. గుమ్మం దాటుతుంటే చూసింది, తలలకి హెల్మెట్లు. మెట్లకిందక్క కుడుతున్న గుడ్డ చేత్తో పట్టుకునే పైకి పరిగెత్తింది. మాస్టారు మెట్ల మలుపులో పడి ఉన్నాడు. తల పగిలి నెత్తురు కారుతోంది. ఆ గుడ్డే మడిచి గాయానికి అదిమి, "మాస్టారూ, మాస్టారూ" అని పిలుస్తూ కూర్చుంది. ఆయన పలకలేదు. అంబులెన్సులో తీసుకెళ్ళేటప్పటికీ పలకలేదు.

పోలీసులొచ్చి అడిగితే అందరిదీ ఒకటే మాట, హెల్మెట్లు పెట్టుకున్నారు, మొహాలు తెలీలేదని. మెట్లకిందక్క కూడా అదే చెప్పింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పోలీసులు వెళ్ళాక కింద గుంపుగా నిలబడి మాట్లాడుకుంటుంటే, ఎవరో, "మన పేట వాళ్ళు కాదులే, ఎక్కణ్ణించో వచ్చిన కిరాయిగాళ్ళు" అన్నారు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"కిరాయిగాళ్ళేమిటి, నా మొహం! ముందు దిగినవాడి ప్యాంటు నేనే పొట్టి చేశాను. బూడిదరంగు దారం అయిపోతే, తొందరపెడుతున్నాడని కుడికాలి మడతకి లోపల ఆకుపచ్చ దారం వేశాను. వెధవ పని! ఓనరు పని మీద వాడు మెట్లెక్కినప్పుడల్లా అది కనపడి నా ప్రాణం తీస్తుంది" అనేసింది.

అనేశాక చుట్టూ చూసింది. ఒక్కొక్కరే పొయ్యి మీద ఏదో ఉందనీ, ఫోనొచ్చిందనీ జారుకున్నారు. అప్పటికి గానీ తనేం అందో ఆవిడకి బోధపడలేదు. గదిలోకెళ్ళి తలుపు గడియ పెట్టి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ మాట ఎవరు మోశారో తెలీదు. మర్నాడు చిట్టిని స్కూలు వ్యాను ఎక్కించి వచ్చి మిషను మూత తీస్తుంటే, "బాగున్నావా అక్కా?" అని వినిపించింది. వార్డు నాయకుడి వెనకాల తిరిగే కుర్రాడు. ఎవరి షాపు మూయించినా నవ్వుతూనే మూయిస్తాడని పేటంతా వాణ్ణి నవ్వులబాబు అంటారు. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులోంచి బూడిదరంగు ప్యాంటు తీసి మిషను మీద పెట్టాడు.

"కింద కుట్టు విప్పేసి, మంచి దారంతో వెయ్యక్కా."

ఉతికిన ప్యాంటు. ఇంకా తడిగానే ఉంది. మెట్లకిందక్క అంచు తడిమి చూసి, "తడి బట్ట కుట్టకూడదు బాబూ, లాగేస్తుంది" అంది.

"ఆరేదాకా కూర్చుంటాను. నాకేం తొందర? నీకేమైనా పనుందా?"

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ప్యాంటుని ఫ్యాను కింద ఆరేశాడు. అలా ఎంతసేపో! పైనుంచి ఎవరో దిగబోయారు. నర్సమ్మ తెల్లబూట్లు. మూడు మెట్లు దిగి ఆగి, చప్పుడు కాకుండా వెనక్కెళ్ళిపోయాయి. తర్వాత ఇంకెవరివో చెప్పులు, అవీ అంతే. డ్యూటీ టైమయినా నర్సమ్మ కిందికి రాలేదంటే, ఈ బిల్డింగులో ఇక తనకెవరూ లేరని ఆవిడకి అర్థమైంది. కాళ్ళల్లో వణుకు ఆగక మిషను పెడలు దానంతటదే టకటకమంటోంది.

ప్యాంటు ఆరింది. బ్లేడుతో కుట్టు విప్పడం మొదలుపెట్టింది. తెగిన ఆకుపచ్చ దారప్పోగులు కింద పడుతుంటే వాడు వంగి ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాడు. బ్లేడు జారి ఆవిడ వేలు తెగింది. "చూసుకోవాలక్కా" అన్నాడు ఎంతో ప్రేమగా. బూడిదరంగు దారంతో ఆవిడ కుట్టిన కుట్టు, ఇరవయ్యేళ్ళ పనిలో అంత వంకరగా ఎప్పుడూ రాలేదు.

వెళ్తూ వెళ్తూ వాడు వెనక్కి తిరిగాడు. "పాపని పంపేది ఆ పసుపు వ్యానులోనే కదా? భయం లేదులే, డ్రైవరు మనవాడే."

మెట్లకిందక్క మిషను అలాగే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా స్కూలుకి పరిగెత్తి, ఒంట్లో బాలేదని అబద్ధం చెప్పి చిట్టిని ఇంటికి లాక్కొచ్చింది. ఆ రోజు నుంచి పిల్లని గడప దాటనివ్వలేదు. ఎవరు తలుపు కొట్టినా పిల్లని మంచం చాటుకి నెట్టి, తర్వాత గడియ తీసేది. మొగుడు బేకరీ నుంచి పావుగంట ఆలస్యమైతే చాలు, గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరికేది.

మాస్టారి భార్య ఆసుపత్రి నుంచి నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చింది. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"కళ్ళు తెరిచారమ్మా, కానీ నన్ను గుర్తుపట్టడం లేదు. నువ్వు చూశావటగా? ఒక్కమాట పోలీసులతో చెప్పు తల్లీ. నీ పిల్లలాంటిదాన్నే అనుకో."

తల్లి వయసావిడ ఆ మాట అనేసరికి మెట్లకిందక్క తల తిప్పుకుంది. మంచం చాటు నుంచి చిట్టి చూస్తోంది. "నేనేం చూడలేదమ్మగారూ. ఏదో నోటికొచ్చినట్టు వాగాను" అంది. మాస్టారి భార్య తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ పాదాలు ఒక్కో మెట్టు మీద ఎంతసేపు ఆగుతున్నాయో సందుల్లోంచి కనిపిస్తుంటే, మెట్లకిందక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తనని తాను పాపిష్ఠిదానా అని తిట్టుకుంది. అయినా వెనక నుంచి పిలవలేదు.

పిల్ల నిద్రపోయిందనుకుని మొగుడూ పెళ్ళాలిద్దరూ గుసగుసగా తేల్చుకున్నారు. మరిది ఉండే ఊరికి పోవాలి. కొండల పక్క చిన్న ఊరు, ఇక్కడెవరికీ తెలీదు. ఎక్కడికని ఎవరికీ చెప్పకూడదు. ఓనరుకి కూడా.

తెల్లారాక చిన్న ట్రక్కు వచ్చింది. మంచం, గిన్నెలు, బట్టల మూటలు ఎక్కించారు. మిషను ఒక్కటే మిగిలింది. అప్పుడు గేటు దగ్గర బండి ఆగింది. నవ్వులబాబు.

"చెప్పకుండానే పోతున్నావేంటక్కా! పరాయివాళ్ళమా?" అంటూ వచ్చి, మొగుడు ఒక పక్క పట్టుకుంటే తనో పక్క పట్టి మిషను ట్రక్కులోకి ఎక్కించాడు. చేతులు దులుపుకున్నాడు. "ఏ ఊరు బావా?"

మొగుడు తాడు బిగించే నెపంతో అటు తిరిగాడు. వాడు అతన్ని వదిలేసి చిట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు చెప్పరా చిట్టీ. ఏ ఊరెళ్తున్నారు?"

ఆ పిల్ల అబద్ధమాడటం మెట్లకిందక్క ఎప్పుడూ వినలేదు. పెన్సిలు పోగొట్టుకొచ్చినా అడక్కముందే చెప్పేస్తుంది.

"మా పెద్దమావయ్య వాళ్ళ ఊరు" అంది చిట్టి, వాడి కళ్ళల్లోకి చూస్తూ. "సముద్రం పక్కన. మావయ్యకి ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఇంత మీసాలుంటాయి. నన్ను పడవెక్కిస్తానన్నాడు."

"అబ్బో! అయితే నన్నూ పిలుస్తావా?"

"ఓ! పిలుస్తా."

వాడు పకపకా నవ్వి పిల్ల బుగ్గ గిల్లి లేచాడు. ట్రక్కు కదిలింది. చిట్టికి పెద్దమావయ్యే కాదు, చిన్నమావయ్య కూడా లేడు. మెట్లకిందక్క తన తల్లికి ఒక్కతే సంతానం.

సందు మలుపు తిరిగాక పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. గౌను నడుం కింద నుంచి తడిసిపోయి ఉంది. సాక్సులు కూడా తడిసిపోయాయి. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"సరిగ్గానే చెప్పానా అమ్మా?"

"సరిగ్గానే చెప్పావు నా తల్లీ" అంటూనే ఆవిడ భోరుమంది. మొగుడు బయటికి చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. చిట్టి మాత్రం ఏడవలేదు.

"అమ్మా, కొత్త స్కూల్లో ఏ ఊరి నుంచి వచ్చావని అడిగితే ఏ ఊరు చెప్పాలి?"