ఏ సున్న?

2003. నాంపల్లిలోని మా పత్రిక ఆఫీసులో సుధాకర్ ఎంటర్ మీట మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకున్నాడు. అది నొక్కితే మిగిలిన పాత హార్డ్ డిస్కులు కూడా చెరిగిపోతాయి.

"జర ఆగుదాం అన్నా" అన్నాడు.

మా పాత వార్తలను సొంత ఫాంట్ నుంచి యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల్లోకి, మార్చే ప్రోగ్రాం అతనే రాశాడు; మార్చడం అయ్యాక పాత డిస్కులు ఖాళీ చేయాలి. ఉద్యోగం కాంట్రాక్టు మీద. ఆ సాయంత్రానికి పని ముగిస్తే పర్మనెంట్ చేస్తామన్నారు. డెస్కు తరఫున ఆ పని చూసేది నేను.

తెలుగు ఫాంట్ల మీద చర్చించుకునే ఈమెయిల్ గ్రూపులో ఇద్దరం ఉండేవాళ్లం. సున్నలతో సహా అన్నీ తప్పు లేకుండా మారుతున్నాయని సుధాకర్ అందులో రాశాడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే శామ్యూల్ గారు ఒకే ప్రశ్న పంపారు: "ఏ సున్న?"

సారుకు ఒకటో తరగతి వాచకం పంపాలని ఒకరు ఎగతాళి చేశారు. సుధాకరూ తగ్గలేదు. "రాసినోనికి తెల్వదా? గిట్ల అనుమానపడితే పని ఎప్పుడైతది?" అని నాతో అన్నదే గ్రూపులోనూ పెట్టాడు.

మధ్యాహ్నం అబిడ్స్ నెట్ సెంటర్లో జవాబు చూశాం. "మీ ఫైళ్లు నేను చూడలేదు. నాది అనుమానమే, తప్పు కావచ్చు. అక్షరం పక్క సున్న, అంకె పక్క సున్న విడివిడిగా పరీక్షించారా? ఏ పేజీలతో?"

పరీక్షించింది సినిమా పేజీలతో. వాటిలో అంకెలు తక్కువ.

ఆఫీసుకొచ్చాక, ఎంటర్ మీట మీది వేలు తీసి సుధాకర్ జిల్లా పేజీ తెరిచాడు. మా కంపోజింగ్‌లో కొందరు అంకెల్లోనూ అక్షరం సున్న మీటే నొక్కేవారు; అచ్చులో రెండూ ఒకేలా పడేవి. అంకె పక్కన అక్షరం సున్న రాదు కదా అని ప్రోగ్రాం దాన్ని తీసేస్తోంది. పాత ఫైల్లో బస్సు బోల్తాలో గాయపడ్డవారు 30. కొత్తదాంట్లో 3.

పని ఆపానని మేనేజరుకు అతనే చెప్పాడు. పర్మనెంట్ మాట వెనక్కి పోయింది. గ్రూపులో "సార్, మీరడిగింది కరెక్టే. నేనే చూడలే" అని రాశాడు. "నేననుకున్న తప్పు ఇది కాదు. ఈ మీట సంగతి నాకూ తెలియదు. ఒక ఫైలు పంపుతారా, నేర్చుకుంటాను" అని శామ్యూల్ గారు రాశారు.

ఆ తర్వాత ఎవరు సరిచూశామన్నా, ఏ పేజీలతో అని అడగడం నాకు అలవాటైంది.

మొదటి విడత డిస్కులు అంతకు ముందురోజే చెరిపేశాం. ఆ జిల్లా పేజీల అచ్చు ప్రతులు మా దగ్గర లేవు. ఆ వార్తల్లో మృతులు 2 అని ఉన్నచోట ఇద్దరో ఇరవై మందో ఈనాటికీ చెప్పలేం.