బాలయేసుకు చల్లిన రాగులు

ఎందుకులే అని ఫోను పక్కన పెట్టేసినా గానీ, మనసొప్పక రాస్తాండా. నిన్న హిందూపురం చర్చిలో క్రిస్మస్‌కని కట్టిన బాలయేసు పశువుల పాక చుట్టూ ప్లాస్టిక్ గడ్డి పరిచినారు. దానికి నీళ్లక్కర్లేదు, మేక గూడా ముట్టదు. మంచిదే.

మన ఈడోళ్లకు గుర్తుందా అబ్బా, క్రిస్మస్ ముందర తట్టలో మట్టి పోసి రాగులు చల్లేది? పచ్చగా మొలిస్తే దాన్నే బాలయేసు ముందర పెట్టేది. పెనుకొండలో మా ఇంట్లో ఆ పని అవ్వది. ఒక యేడు నాయన ధర్మవరం ఆసుపత్రిలో ఉన్నాడు. అవ్వ తట్టకు జపమాల తాకించి, "ఇది పచ్చగా లేస్తే మీ నాయన పండక్కి ఇంటికొస్తాడు" అనింది.

పండగ ముందునాడు పైన కప్పిన గోనెపట్ట ఎత్తితే, రాగులు కుళ్లి వాసనొస్తాండాయి.

"ఎవురు నీళ్లు పోసింది?" అని అరిచింది అవ్వ.

"నేనొక చెంబు" అనింది అమ్మ. "నేనూ" అనింది అక్క. నేను తల వంచుకున్నా.

"అందరికీ ప్రేమ పొంగిందేమే!" అని కసిరి, అవ్వ గొంతు తగ్గించింది. "నేను గూడా పోసినాలే, దినామూ."

పండగనాడు ధర్మవరం బస్సులోంచి చిన్నాయన ఒక్కడే దిగినాడు. "అన్నను ఇప్పుడే పంపరంట వదినా" అన్నాడు. నాయనకని తీసిపెట్టిన కజ్జికాయలు అమ్మ మూటగట్టి ఇచ్చింది. ఆయన సాయంత్రం బస్సుకు వెనక్కి పోయినాడు.