తప్పుల టీచర్

ఆమెకు ఆ పేరు పెట్టింది ఐదో తరగతి పిల్లలే. సైన్సు చెప్పేది. రోజూ బోర్డు మీద ఎక్కడో ఒకచోట తప్పు రాసేది. పిల్లలు పట్టుకుంటే నాలుక కరచుకుని డస్టర్ తీసేది. గంట కొట్టేలోగా బోర్డు మీద తప్పన్నది మిగిలేది కాదు.

బడికి రాకముందు ఆమె ఒక రంగుల కంపెనీ ల్యాబులో పనిచేసింది. రంగును పలక మీద పూసి, ఆరాక లోపం ఎక్కడుందో వెతకడం పని. కంపెనీ మూతపడ్డాక ఇటు వచ్చింది. భర్త లారీ మీద తిరిగే మనిషి కావడంతో ఇంట్లో ఎప్పుడూ ఆమె, అత్తగారే. ఆ అత్తగారి నోటికి తాళం లేదు.

"బళ్లో తప్పులు రాస్తావు, ఇంట్లో ఉప్పు మరిచిపోతావు. నీకు ఉద్యోగం ఇచ్చినవాళ్లది ఎంత గుండె ధైర్యమో!"

"వాళ్లు నా కూర తినలేదు కదత్తయ్యా" అనేదట ఈమె.

మా అమ్మాయి ఆ క్లాసులోనే ఉండేది. ఇంట్లో వసపిట్ట. బడి గేటు దాటితే పెదవి విప్పేది కాదు. కిందటేడాది టీచర్లు బతిమాలారు, బెదిరించారు. ఒకావిడ అందరి ముందూ నిలబెట్టి "ఏం, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?" అంది. ఆ తర్వాత పిల్ల మంచినీళ్లు అడగడం కూడా మానేసింది. చెవి పరీక్ష, గొంతు పరీక్ష చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. బాగున్న రిపోర్టు చూసి అంత భయపడతానని అనుకోలేదు.

ఒక సాయంత్రం చెప్పులైనా విప్పకుండా పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, మా టీచర్‌కి బల్బు వెలిగించడం రాదు!"

బ్యాటరీ, బల్బు బొమ్మ గీసి ఒకవైపు తీగ కలపకుండా వదిలేసిందట. క్లాసంతా చూస్తూ కూర్చుందట. ఇదే లేచి వెళ్లి సుద్దముక్కతో తీగ కలిపి, "ఇలా" అందట. ఆ బడిలో అది పలికిన మొదటి మాట.

ఆ తర్వాత రోజుకో ఫిర్యాదు. ఐసు నీళ్లలో మునిగిందని రాసింది, చంద్రుడి వెలుగు అటుది ఇటు గీసింది. నేనూ సైన్సు చదువుకున్నదాన్నే కాబట్టి, ఈవిడకి సబ్జెక్టే రాదేమోనని ముందు గుండెల్లో రాయి పడింది. కానీ ఆ తప్పులన్నీ పిల్లలకు వచ్చేసిన పాఠాల్లోనే పడేవి. కొత్త పాఠంలో ఒక్కటీ లేదు. రాని మనిషి తప్పులకు ఇంత పద్ధతి ఉండదు. ఉండబట్టలేక, కావాలనే రాస్తున్నారు కదా అని బడి మెట్ల మీద ఆమెనే అడిగేశాను.

"మెల్లగా అనండీ! దాని చెవిన పడిందో, అంతే సంగతులు" అని పక్కకు లాగింది. "మాట్లాడమంటే గొంతు పూడుకుపోయే పిల్ల అది. అదే తప్పు కనిపిస్తే ఊరుకోలేదు, దురద పుడుతుంది. అయినా నాకు కావాల్సింది దిద్దడం కాదండీ. దిద్దొచ్చి కూర్చున్నాక పక్కపిల్ల 'నీకెలా తెలిసిందే?' అంటుంది చూడండి, అందుకు."

నిజమే. ఆ పక్కపిల్లే మెల్లగా మా అమ్మాయికి నేస్తమయింది.

తల్లిదండ్రుల మీటింగులో మందుల షాపాయన ఫోను పైకెత్తాడు. బోర్డు మీద దిద్దకముందే వాళ్లబ్బాయి నోట్సులోకి దించుకున్న బొమ్మను ఫోటో తీసి, అప్పటికే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

"చూడండి సార్! ఈవిడ ఐసు మునుగుతుందట. పిల్లలే తప్పుల టీచర్ అంటున్నారు. ఇంకేం కావాలి?"

హెడ్మాస్టర్ ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, ఏమంటావు?"

మా అమ్మాయి నా పక్కనే కూర్చుని వింటోంది. టీచర్ దాన్ని చూసింది. నేను లేవబోతుంటే వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది.

"పొరపాటున రాశానండీ" అంది.

పిల్లను వాళ్ల నాన్నతో ఇంటికి పంపి, నేను హెడ్మాస్టర్ గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని కళ్లజోడు తీశాడు.

"అంటే, తెలిసే తప్పు రాసిందన్నమాట. పొరపాటు అనుకుని పోనిద్దామనుకున్నానమ్మా. ఇది ఇంకా పెద్ద సంగతి కదా!"

వారం తిరక్కుండానే ఆమెను క్లాసు నుంచి తీసేసి ఆఫీసులో ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఈ మాట విని అత్తగారు పళ్లెం పక్కకు నెట్టేసిందట. "రంగుల కంపెనీయే నయం. అది మూతపడితే గానీ నిన్ను బయటికి పంపలేదు" అందట.

మందుల షాపాయన కొడుకు క్లాసులో మా అమ్మాయిని నిలదీశాడు. "రోజూ తప్పు తప్పు అన్నది నువ్వే కదా! అందుకే టీచర్ని తీసేశారు."

ఆరోజు ఇంటికొచ్చి అడిగింది. "నేను ఊరుకుంటే టీచర్ ఉండేదా అమ్మా?"

కాదన్నాను. నీ తప్పేం లేదన్నాను. టీచర్ కావాలనే రాసేదని చెప్పబోయి ఆగిపోయాను. చెబితే, తను దిద్దినవన్నీ ఉత్త ఆటేననుకుంటుంది. చెప్పకపోతే, టీచర్‌కి అన్యాయం చేసింది తనేనన్నది మనసులో ఉండిపోతుంది. ఏది తక్కువ నష్టమో లెక్క తేల్చలేక ఊరుకున్నాను. అది కూడా మళ్లీ అడగలేదు.

తర్వాతి మీటింగులో కొత్త టీచర్ నవ్వుతూ ఎదురొచ్చింది. పక్కపిల్ల ఇప్పుడు వేరే బెంచీలో ఉంది.

"మీ పాపతో ఏ ఇబ్బందీ లేదండీ. బంగారుతల్లి! అసలు క్లాసులో ఉన్నట్టే తెలియదు."