బొమ్మలు సుత కట్టుకున్న బెల్టు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలమూరులో కొత్తగా ఉద్యోగంలో చేరి, రోజూ ఊరి నుంచి బస్సులో నిలబడి వెళ్లొచ్చే పిల్లకు ఆమాత్రం కోపం ఉండదా? ఇంట్లో కారు కొందామన్న మాట రాగానే, గోడకు గుద్దించి చూసే పరీక్షలో ఐదు స్టార్లు వచ్చిన కారే కొనాలని పట్టుబట్టాను. బాపుకు మైలేజీ కావాలి. బావకు (అక్క మొగుడు, డ్రైవింగంతా తనకే తెలుసనుకునే మనిషి) తెల్లరంగు చాలు. "కొనకముందే గుద్దుకునుడు ముచ్చటేందే బిడ్డా?" అని బాపు నొచ్చుకున్నాడు. కడుపుతో ఉన్న అక్కను దవాఖానకు తీసుకుపోయేది ఇందులోనే కదా అని గొంతు చించుకున్నాను. చివరికి ఫోన్లో ఆ పరీక్ష వీడియో అందరికీ చూపించాను. కొత్త బండి ఖరాబు చేశారని బాపు బాధపడ్డాడు. అవ్వ మాత్రం లోపల కూర్చున్న మనిషి బొమ్మలకు దెబ్బ తగిలిందేమోనని మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసింది.

మొత్తానికి నేనే గెలిచాను. ఐదు స్టార్ల కారు వచ్చింది, పూజ చేశాం, నిమ్మకాయలు తొక్కించాం. మొదటి ప్రయాణం అక్కను దవాఖానలో చూపించడానికే. అందరం ఎక్కాక, బావ జేబులోంచి రెండు ఇనుప ముక్కలు తీసి ముందు సీట్ల బెల్టు సందుల్లో గుచ్చాడు. బెల్టు పెట్టుకోకపోతే కారు మోగుతుందట, ఇవి పెడితే నోరు మూసుకుంటుందట. (వీటిని బజార్లో అమ్ముతారు! అమ్మేవాడికి సిగ్గు లేదు, కొనేవాడికి అసలే లేదు.) నా ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్ల నా పోరాటాన్ని వేలెడంత ఇనుప ముక్క మింగేసింది. బెల్టు లేకుంటే ఆ స్టార్లు ఎందుకూ పనికిరావని వెనక సీట్లోంచి అరిచాను. బాపు తువ్వాలు సర్దుకుంటూ, పాలమూరు దాకే కదా, జర ఊకోమన్నాడు. బావ బండి స్టార్ట్ చేశాడు.

అక్క పక్కనున్న అవ్వ ముందుకు వంగి అతని భుజం తట్టింది.

"గా బొమ్మలు సుత కట్టుకున్నయ్ గద కొడుకా. పానం లేనియే కట్టుకుంటే మనకేం రోగం?"

బావ ముక్కలు పీకేసి బెల్టు పెట్టుకున్నాడు. బాపూ పెట్టుకున్నాడు. ఆ తర్వాత అవ్వ బస్సెక్కినా బెల్టు కోసం సీటు పక్కన తడుముకునేది.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ ఇనుప ముక్కలు మాత్రం బజార్లో ఇంకా దొరుకుతున్నాయి, చూస్తే నాకింకా ఒళ్లు మండుతుంది. కానీ బెల్టు లాక్కునేటప్పుడు అప్పటి ఆ కోపిష్టి పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంత గొంతు చించుకుని స్టార్లు లెక్కపెట్టిందేగానీ, ఆ బొమ్మల మీద జాలిపడాలని దానికి తోచనే లేదు.