లాభంతో మొదలయ్యే లెక్క

ఉదయం ఏడున్నర పాసింజరుకి ఎలమంచిలిలో ఎక్కాం, నేనూ మా పెద్దమ్మ నూకాలూ. డెబ్బై దాటినా పెద్దమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్ముతుంది. ఈమధ్య రెండుసార్లు ఆ గంపని ఆటోలో మరిచిపోయింది. మతిమరుపు జబ్బని తేలితే ఇక గంప ముట్టనివ్వనని వాళ్ళబ్బాయి తేల్చేశాడు. అప్పటినుంచి ఆవిడకి ముద్ద దిగడం లేదు.

ఆ పరీక్ష చేసే గాజువాక ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు విశాఖ దాకా పోనక్కర్లేదు. దువ్వాడలో దిగితే షేర్ ఆటోలు బోలెడు. దారిలో ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించాయి.

"ఎంత పెద్ద పొయ్యిరా బాబూ, ఎవులికి ఒండుతన్నారో" అంది పెద్దమ్మ.

బలవంతాన ఇడ్లీ తినిపించి పదింటికల్లా లోపలికెళ్ళాం. అక్కడ కొత్తగా చేరిన డాక్టరమ్మాయి పెన్నిచ్చి గడియారం బొమ్మ వేయమంది. జన్మలో పెన్ను పట్టని పెద్దమ్మ దాన్ని కత్తిలా పిడికిట బిగించింది. గీత వంకరపోయింది. కాగితం మీద వాక్యం చదవమంటే దిక్కులు చూసింది. పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే మాత్రం గడగడా చెప్పి, "మూడు, రెండు, లాభం" అని ముగించింది. ఆ అమ్మాయి అదీ తప్పని కొట్టేసి, జబ్బు లాగే ఉందండి అంది.

పెద్ద డాక్టరుగారిది భీమిలి. కాగితం చూసి నవ్వారు.

"అమ్ముకునేవాళ్ళు ఒకటి అనరమ్మా, శుభమని లాభం అంటారు. చదువు లేనివాళ్ళకి ఈ కాగితమిస్తే తేలేది చదువే, మతి కాదు" అని ఆ అమ్మాయితో అన్నారు.

దువ్వెన, తాళం, గరిటె, ఇంకా ఏవేవో చూపించి దాచేశారు. ఏ వీధిలో ఏ చేప పోతుందో, చిల్లర ఎలా లెక్కేస్తుందో అడిగారు. ఇంట్లో ఎలా ఉంటుందని నన్ను విడిగా అడిగారు. చాలాసేపటికి దాచిన వస్తువులు చెప్పమంటే పెద్దమ్మ ఒక్కటీ వదల్లేదు. మనిషి అదే, బుర్ర అదే, అడిగే తీరు మారిందంతే. ఇప్పటికి జబ్బు కనిపించట్లేదు, గంప మానక్కర్లేదు, ఆర్నెల్లాగి మళ్ళీ రమ్మన్నారు.

తిరుగు ఆటోలో పక్కనున్నాయన గోదావరి మనిషి, ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగి. మా కథంతా విన్నాడు.

"మా నాన్నగారు హెడ్మాస్టరండి. ఆ కాగితం మీద అన్నీ కరెక్టేనండి. ఇంటికి దారే తెలవట్లేదండి" అన్నాడు.

లేని జబ్బుని చూపించిన కాగితమే ఉన్న జబ్బుని దాచిందన్నమాట.

సాయంత్రం రైల్లో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుంది.

"మళ్ళీ రమ్మన్నారు గదా. ఆ గడియారం ఎలాగేత్తారో సూపించు. అప్పటికి నేర్సుకుంతాను."

అద్దం మీద దుమ్ములో గుండ్రంగా గీసి అంకెలు వేశాను. పన్నెండు పక్కన వేలు పెట్టింది.

"ఇదేటి?"

"ఒకటి, పెద్దమ్మా."

"లాభం అను" అంది.